పద్నాలుగు మంది పిల్లలు, ఒక రేకుల షెడ్డు

ఏప్రిల్ వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) గురించే ఉంటాయి. ఎలిమెంటరీ స్కూల్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ బడి మూసిన మర్నాడే సంచి సర్దుకుని టెక్కలి చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లిపోయేదాన్ని. రిటైరయ్యాక కూడా మోకాళ్లు ఒప్పుకున్నంత మేరకి వెళ్తూనే ఉన్నాను. అందుకే ఈ శీర్షికలో ఈ నెల ప్రశ్నలన్నీ సెలవుల బైబిలు బడివే తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది మందస మండలంలో జీడితోటల మధ్య చిన్న ఊరు. సంఘంలో ఇరవై రెండు కుటుంబాలు. పిల్లలు పద్నాలుగు మంది, నాలుగేళ్ల పాప నుంచి తొమ్మిదో తరగతి అబ్బాయి దాకా. చెప్పేవాళ్లం నేనూ, మా తోడికోడలూ. గుడి ఇంకా కట్టలేదు, రేకుల షెడ్డే. పట్నంలో ట్రైనింగ్‌కి వెళ్తే నాలుగు క్లాసులకి నాలుగు పుస్తకాలు, పది రోజుల ప్రోగ్రాం, ప్రొజెక్టర్ మీద చూపించే పాటలు ఇచ్చారు. మా ఊళ్లో ఇదంతా ఎలా? తగ్గిస్తే దేవుని పని తగ్గించినట్టవుతుందా?
— ఒక సోదరి, మందస మండలం

జవాబు: తగ్గించినట్టు కాదమ్మా, కొలతకి కుట్టించుకున్నట్టు. ట్రైనింగ్ ఇచ్చినవాళ్ల కళ్లముందున్నది నూట యాభై మంది పిల్లలు, డజను మంది టీచర్లు, నెత్తిమీద ఫ్యాన్లు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల సంఘం అలాంటిది. ఆ చొక్కా తెచ్చి నీ పద్నాలుగు మందికీ తొడిగితే చేతులు మోకాళ్ల దాకా వేలాడతాయి.

ముందు రోజులు కోసెయ్యి. పది వద్దు, ఐదు చాలు. మీ వైపు జీడిపళ్లు రాలే కాలమిది. పొద్దున్నే మామ్మతో తోటకెళ్లి పిక్కలు ఏరాల్సిన పిల్లలుంటారు, ఆ డబ్బుతోనే జూన్‌లో నోటుబుక్కులు కొనుక్కునేవాళ్లుంటారు. అలాంటి ఊళ్లో “పొద్దున్న ఆరున్నరకి వీబీఎస్” అని బోర్డు పెడితే ఎవరొస్తారు? పాస్టరుగారి పిల్లలొస్తారు. ట్రైనింగ్ పుస్తకంలో పొద్దుటి టైమే రాసి ఉంటుంది, నాకు తెలుసు. నువ్వు సాయంత్రం నాలుగున్నర పెట్టు, ఆరున్నరకల్లా ఇళ్లకి పంపించెయ్యి. ఆ వేళకి రేకుల కింద ఇంకా సెగ ఉంటుంది కాబట్టి షెడ్డులో కూర్చోబెట్టకు. చింతచెట్టు ఉంటుంది కదా, చెట్టుకింద చాపలు వేసి, పక్కన కుండతో నీళ్లు పెట్టుకో. షెడ్డు వాన పడితే వాడుకుందువు గాని.

నాలుగు క్లాసులు కూడా వద్దు. రెండో తరగతి లోపు వాళ్లు ఒక చాప, ఆపై వాళ్లు ఇంకో చాప. ఎనిమిది, తొమ్మిది చదివేవాళ్లని పిల్లల్లో కలపకు, వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది. ఒక్కొక్కరికి ఇద్దరు బుడ్డోళ్లని అప్పగించు. నీళ్లు తాగించడం, ముక్కు తుడవడం, కథ మళ్లీ చెప్పించడం వాళ్ల పని. అప్పుడు టీచర్లు ఇద్దరు కాదు, ఐదుగురు. పుస్తకాల్లో జూనియర్ పుస్తకం ఒక్కటి దగ్గర పెట్టుకుని, మిగతావి రాత్రి నువ్వు చదువుకో.

ఇక అసలు సంగతి. రోజుకి ఒక్కటే కథ చెప్పు. చెప్పాక పిల్లల చేత చెప్పించు. నేను మొదటి పదేళ్లు చేసిన పొరపాటు ఇదే. కథ, పాట, కంఠత వాక్యం, రంగులు వెయ్యడం, ఖాళీలు నింపడం, అన్నీ గంట కొట్టినట్టు పూర్తి చేసేదాన్ని. పిల్లల నోట ఆ కథ ఎలా వస్తుందో విననే లేదు.

2019 వేసవిలో, మీకు దగ్గర్లోనే ఒక ఊళ్లో, గాలివానని ప్రభువు గద్దించిన కథ చెప్తున్నాను. మార్కు సువార్త నాలుగో అధ్యాయం. మామూలుగా ఈ కథకి పిల్లలు ఊగిపోతారు. పడవ ఊగినట్టు ఊగండి అంటే ఒకరి మీద ఒకరు పడి నవ్వుతారు. ఆ రోజు ఎవరూ ఊగలేదు. నేను గొంతు పెంచి “గాలి హోరుమంది” అన్నాను. నాలుగో తరగతి పిల్ల ఒకత్తి చెవులు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి మొదలంటా పోయిన ఊరది. నేను కూర్చున్న చోటుకి పది అడుగుల్లో ఒక కొబ్బరిచెట్టు మొండెం ఉంది, దాని మీదే నా సంచి పెట్టుకున్నాను. అంత బుద్ధి నాకు!

వెనక నుంచి ఒక కుర్రాడు అడిగాడు: “మరి తిత్లీకెందుకు సెప్పలేదు టీచరమ్మా, ఊరుకోమని?”

వర్క్‌బుక్‌లో ఆ ప్రశ్న లేదు. అందులో ఉన్నది “యేసు ___ని గద్దించెను” అనే ఖాళీ. నేను “నాకు తెలీదు నాన్నా” అన్నాను. అని, ఆ రాత్రి ఎవరెక్కడున్నారో చెప్పమన్నాను. ఒక్కొక్కరే చెప్పారు. ఒకడు మంచం కిందట. ఒకత్తి మేకపిల్లని దుప్పట్లో చుట్టుకుని పడుకుందట. చెవులు మూసుకున్న పిల్ల ఇంటి రేకులు ఎగిరిపోతే వాళ్ల నాన్న తలుపుని వీపుతో నొక్కి తెల్లారేదాకా నిలబడ్డాడట. అందరూ చెప్పేసరికి చీకటి పడింది. పాట లేదు, వాక్యం లేదు, రంగులు లేవు. మర్నాడు ఒక్కరూ మానలేదు. అదే కథ మళ్లీ చెప్పమన్నారు. ఈసారి పడవలో శిష్యులు వాళ్ల నాన్నల్లా ఉన్నారు.

నీకు ప్రొజెక్టరు లేదని బెంగ పెట్టుకోకు. అన్యాయంగా పన్నులు గుంజి, యేసుని చూడాలని చెట్టెక్కిన జక్కయ్య కథకి బొమ్మ చూపించే బదులు మేడిచెట్టు కిందకి తీసుకెళ్లు. తెలుగు బైబిల్లో అతనెక్కింది మేడిచెట్టే. మీ ఊళ్లో గెడ్డ ఒడ్డునో చెరువుగట్టు మీదో ఒకటి ఉండకపోదు, ముందే చూసి పెట్టుకో. రాలిన పండు ఒకటి తీసి పిల్లల ముందు విప్పు. పైకి నిగనిగ, లోపల పురుగులు. జక్కయ్య సంగతి వాళ్లే చెప్తారు, నువ్వు చెప్పక్కర్లేదు. చెట్టు మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వకు, మేడి కొమ్మ పెళుసు.

క్రాఫ్ట్ సామాన్లకి డబ్బు తగలెయ్యొద్దు. తాటాకు, కొబ్బరి ఈనెలు, చింతపిక్కలు, పాత పెళ్లికార్డులు. తాటాకుతో చేప అల్లడం మీ మామ్మల్లో ఒకరికైనా వస్తుంది, ఆవిడనే పిలిచి నేర్పించమను. ఆవిడ సంఘానికి రాకపోయినా పర్లేదు.

ప్రశ్న: అమ్మగారూ, మాది సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నిరుడు మొదటి రోజు అరవై మంది వచ్చారు. నాలుగో రోజుకి ఇరవై. బిస్కెట్లు ఆపేసినప్పట్నుంచీ తగ్గారని మా పెద్దలంటున్నారు. ఈ ఏడు గిఫ్టులు పెంచమంటారా? రోజూ వచ్చినవాళ్లకి స్టీలు బాక్సు ఇద్దామని అనుకుంటున్నాం.
— ఒక యువ సోదరుడు

జవాబు: తమ్ముడూ, బిస్కెట్ల లెక్క నేను నమ్మను. మీ ఊరి క్యాలెండరు చూసావా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, మన తీరంలో ఇంజిను బోట్ల వేట బంద్. నాన్నలు ఇంటిపట్టున ఉండేది అప్పుడే. గుజరాత్‌లో వేరావల్ వైపు వేటకెళ్లినవాళ్లు ఊరు చేరేదీ దాదాపు ఆ రోజుల్లోనే. పెళ్లిళ్లు అప్పుడే, అత్తారిళ్ల ప్రయాణాలు అప్పుడే. ఏడాదిలో నాలుగైదు నెలలు కూడా కనిపించని నాన్న ఇంట్లో ఉంటే పిల్లాడు నీ దగ్గరికి ఎందుకొస్తాడు? రాకపోవడమే న్యాయం.

నాన్నని కూడా పిలిచెయ్యి. నేను ఒకసారి మీలాంటి ఊళ్లోనే యోనా కథ చెప్తున్నాను. పుస్తకంలో నీలం రంగు తిమింగలం బొమ్మ, నోరంతా నవ్వు. ముందు వరసలో ఒకడు లేచి, “అది సేప కాదు. ఏ సేప మింగిందో సెప్పండి, సొర్రా?” అన్నాడు. బైబిల్లో ఉన్నది “గొప్ప మత్స్యము” అనే, పేరు లేదు. ఆ మాటే చెప్పాను. వాడికి నచ్చలేదు. పక్కన గోడ నీడలో వల బాగు చేసుకుంటున్న ఒకాయన అంతసేపూ తలెత్తలేదు, మేం చెప్పేది వింటున్నాడని కూడా నాకు తెలీదు. నేను “తుపానుకి ఓడ తేలిక చెయ్యాలని సరుకులు సముద్రంలో పారేసారు” అనగానే, నోట్లో పట్టుకున్న దారం తీసి, “ముందు ఏటి పారేసారమ్మా?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర ఉంది. ఐసు ముందు పోతుంది, తర్వాత చేప, వల మాత్రం ఆఖరికి. వల పారేసామంటే ఇంటికెళ్లినా వెళ్లనట్టే అన్నాడు. పావుగంట చెప్పాడు. పిల్లలు నా వైపు వీపు తిప్పి కూర్చున్నారు. వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో కూడా నాకు కనిపించలేదు. మర్నాడు ఇంకో ముగ్గురు నాన్నలు వచ్చి గోడ దగ్గర కూర్చున్నారు, వలలు పట్టుకుని. కాబట్టి ఈ ఏడు కథలు ఏరుకునేటప్పుడు పడవ ఉన్నవి ఏరుకో. రాత్రంతా వేసినా చేప పడని పేతురు కథ మీ ఊళ్లో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తావు?

స్టీలు బాక్సు మానుకో. రోజూ రావడమనేది పిల్లాడి చేతిలో లేదు. మేనత్త పెళ్లికి అమ్మ లాక్కెళ్లిన పిల్ల మూడు రోజుల తర్వాత వచ్చి, బాక్సు రాదని తెలిసి, మిగతా రెండు రోజులూ మానేసింది. నేను కళ్లారా చూసాను. ఇస్తే అందరికీ ఒకే రకం పెన్సిలు ఇవ్వు.

తినడానికి మాత్రం పెట్టు. బడి ఉంటే మధ్యాహ్న భోజనం ఉంటుంది, సెలవుల్లో ఆ అన్నం ఉండదు. పొద్దున్న ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లు నువ్వనుకున్నదాని కన్నా ఎక్కువ. బిస్కెట్ ప్యాకెట్ల డబ్బుతో చోడి (రాగి) అంబలి కాచినా, శనగలు గుగ్గిళ్లు వేసినా సరిపోతుంది. అంబలి అంటే ముఖం చిట్లిస్తారని భయపడకు, అందులో కాస్త మజ్జిగ పోసి ఉల్లిపాయ నంజుకోమంటే రెండో గ్లాసు అడుగుతారు.

టైము గురించి ఒక మాట చెప్పి ఊరుకుంటాను. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు గాని చెప్పాలి. 2015 మే నెల, ఎండలు ఎలా మండిపోయాయో అందరికీ గుర్తే. ముగింపు రోజు నాటకానికి రిహార్సల్. నేనే పట్టుబట్టి పదకొండింటి దాకా ఆపాను. ఏడేళ్ల పిల్ల, దేవదూత వేషం, శాటిన్ గౌను, వీపుకి అట్టతో చేసిన రెక్కలు. డైలాగు మధ్యలో ఆగింది. మరిచిపోయిందనుకుని నేను పక్కనుంచి అందించాను. అది కూలబడిపోయింది. వేపచెట్టు కిందకి చేర్చి, రెక్కలు కోసి, గౌను విప్పి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడిచాం, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి లేచి కూర్చుని ఇడ్లీ తింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అప్పట్నుంచీ పొద్దున పూట తొమ్మిదిన్నర దాటితే నేను ఒక్క పిల్లని కూడా ఉంచను. పాస్టరుగారి ప్రసంగం మిగిలిపోయినా సరే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపు. చెంచాతో తీసి వేలితో చదును చెయ్యి, గుట్టగా పొయ్యకు.

ప్రశ్న: గజపతినగరం వైపు ఒక పల్లెలో పాస్టరుగారి భార్యని. మా వీబీఎస్‌కి వచ్చేవాళ్లలో సగం మంది హిందువుల పిల్లలు. కిందటేడు ఒక తండ్రి వచ్చి “మా పిల్ల బొట్టు తీయించేసారు” అని కేకలేసారు. మేం తీయించలేదు, ఆటల్లో చెమటకి పోయింది. అప్పట్నుంచీ భయంగా ఉంది. ఆఖరి రోజు “ప్రభువుని నమ్ముకునేవాళ్లు చేతులెత్తండి” అని అడగడం మా సంఘం ఆనవాయితీ. అడగొచ్చా?

జవాబు: పాస్టరమ్మగారూ, అడక్కండి. ఏడేళ్లవాడు చెయ్యెత్తేది పక్కవాడు ఎత్తాడని. ఆ చేతులు లెక్కపెట్టి పైవాళ్లకి రిపోర్టు రాస్తాం, ఆ రిపోర్టు వాళ్ల నాన్న చూస్తే ఏమనుకుంటాడు? నేనూ రాసాను అలాంటివి. ఇప్పుడు రాయను. నాతో వాదించేవాళ్లున్నారు, వాదించనివ్వండి.

ఆ తండ్రి దగ్గరికి ఈసారి ముందే వెళ్లండి. పాంప్లెట్ పంపడం కాదు, మీరే వెళ్లి గుమ్మంలో నిలబడి, “బైబిలు కథలు చెప్తాం, యేసుప్రభువు పాటలు పాడిస్తాం, మీకు ఇష్టమైతేనే పంపండి, మీరూ వచ్చి కూర్చోండి” అనండి. మొత్తం చెప్పండి. “ట్యూషన్ లాంటిదండీ”, “నీతికథలండీ” అని సగం చెప్పి పిలిస్తే కేకలెయ్యడం ఆయన హక్కు. పంపనంటే నవ్వుతూ వచ్చెయ్యండి. అమ్మా నాన్నల మాట లేకుండా ఏ పిల్లనీ చాప మీద కూర్చోబెట్టొద్దు. బొట్టు పోయినా, దండ తెగినా సాయంత్రం మీరే ఇంటికెళ్లి చెప్పండి, కబురు మీకన్నా ముందు వెళ్లకుండా. ఊళ్లో అమ్మవారి పండగ ఉన్న వారం వీబీఎస్ పెట్టొద్దు. మైకుకి మైకు పోటీ వద్దు.

ఫొటోలు కూడా. పిల్లల ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటు ఇప్పుడు మన యూత్‌కి బాగా ఎక్కువైంది. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే.

ఇంకోటి, మతంతో సంబంధం లేనిది. పిల్లలతో ఒక పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు, ఆయన ఎంత భక్తిపరుడైనా. గదిలోకైనా, బోరు దగ్గరికైనా ఇద్దరు టీచర్లు వెళ్లాలి. ఒకవేళ ఏ పిల్లయినా మీ చెవిలో చెప్పకూడని సంగతి చెప్తే, సంఘపెద్దల్లో సర్దుకోకండి. 1098కి ఫోను చెయ్యండి. పిల్లల కోసమే ఉన్న నంబరది, డబ్బులు పడవు.

ప్రశ్న: వీబీఎస్ అమెరికా వాళ్లదనీ, మన పల్లెలకి పనికిరాదనీ మా మావయ్య అంటారు. నిజమేనా?
— చీపురుపల్లి పాఠకుడు

జవాబు: మొదటి మాట నిజం. 1894లో ఇల్లినాయ్ రాష్ట్రంలో హోప్‌డేల్ అనే చిన్న ఊళ్లో మైల్స్ అనే ఆవిడ, నాలాగే బడిపంతులమ్మ, ఆదివారం ఒక్క గంట చాలట్లేదని వేసవి బైబిలు బడి పెట్టింది. 1898లో న్యూయార్కులో హాస్ అనే ఆవిడ వీధుల్లో తిరిగే పేదపిల్లల కోసం పెడదామంటే జాగా దొరక్క, ఒక బీరుషాపు అద్దెకి తీసుకుంది. చిన్న ఊరు, చాలని టైము, దొరకని జాగా. మీ మావయ్యగారిని అడగండి, ఇందులో మన పల్లెకి రానిది ఏదో.

ప్రశ్న: టీచరమ్మా, నేను డిగ్రీ రెండో ఏడు. మొదటిసారి క్లాసు చెప్తున్నాను. సెలవులకి విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి అమ్మమ్మగారిళ్లకి వచ్చే పిల్లలే మా ఊళ్లో ఎక్కువ. అందరూ ఇంగ్లీషు మీడియం. తెలుగు బైబిలు చదవలేరు. కంఠత వాక్యం ఎలా నేర్పాలి?
— రణస్థలం నుంచి

జవాబు: బోర్డు మీద రాయకు తల్లీ, రాస్తే చదవలేనివాడు మొదటి రోజే సిగ్గుపడి ముడుచుకుపోతాడు. చెవితో నేర్పు. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక చప్పట్ల వరస. ఊరి పిల్లనీ పట్నం పిల్లనీ జంట కట్టు. ఊరిది మాట అందిస్తుంది, పట్నంది దాన్ని ఇంగ్లీషులో రాసుకుంటుంది, రాసుకోనీ. పొడుగు వాక్యాలు వద్దు, ఐదు రోజులకి మూడు చాలు.

అర్థం కాని మాట వస్తే చెప్పెయ్యకుండా ఒక నిమిషం ఆగి చూడు. నిరుడు ఐదు రొట్టెలు, రెండు చేపల కథ చెప్తూ బైబిల్లో ఉన్నట్టే “అయిదు యవల రొట్టెలు” అని చదివాను. యవలంటే బార్లీ అని పట్నం వాళ్లకి చెప్పబోతున్నాను. మా ఊరి బుడ్డోడు ఒకడు ముందుకి జరిగి, “ఎవల రొట్టెలు?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే హైదరాబాద్ పిల్ల వాడి వైపు తిరిగి, “ఆ బాయ్‌వే కదా, వాళ్ల అమ్మ కట్టిచ్చింది” అంది.